గోడల మీద గొడవ ఎక్కడ?

సాంస్కృతిక జ్ఞాపకం, అస్తిత్వం అన్న అంశం మీద పలువురు కళాకారుల పనులు కలిపి పెట్టిన ఒక గ్రూప్ షో చూసి వచ్చాను. బాగాలేదని వేలెత్తి చూపించడానికి అందులో ఒక్క పనీ లేదు. పాత ఉత్తరాలను సన్నటి తీగలకు వేలాడదీసిన ఇన్‌స్టలేషన్, గ్రూప్ ఫొటోలో ముఖాల మీదుగా ఎర్ర దారంతో కుట్టుకుంటూ పోయిన వరస, సరిహద్దులు చెరిపేసిన పటం, మూత తెరిచి పెట్టిన ట్రంకుపెట్టె, చీకటి గదిలో ముఖం కనపడకుండా ఎవరో పెద్దావిడ గొంతు మాత్రమే వినిపించే వీడియో. దేనికది విడిగా చూస్తే కాసేపు నిలబెట్టేవే. అయినా చివరి గది దాటేసరికి నాకు విసుగొచ్చేసింది. మంచి పనులన్నీ కలిసి ఇంత చప్పటి ప్రదర్శన ఎలా అయ్యాయన్నది అప్పటినుంచీ బుర్రలో తిరుగుతూనే ఉంది.

ఇప్పటికి నాకు తోచిన జవాబు ఇది. అక్కడున్న పనులన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయి. ఒకప్పుడు ఏదో ఉండేది, అది పోయింది, మేం దాన్ని వెతుక్కుంటున్నాం. ఉత్తరాలదీ అదే మాట, పటానిదీ అదే, ట్రంకుపెట్టెదీ అదే. ‘కాదు, అది పోవడమే మంచిదైంది’ అనేవాళ్లు ఒక్కరూ లేరు. ‘మీరు వెతుకుతున్నది అసలెప్పుడూ లేనే లేదు’ అనేవాళ్లూ లేరు. పది మంది కలిసి ఒక సంగతి గుర్తు చేసుకుంటుంటే పదో నిమిషానికి వాదన మొదలవకుండా ఉండటం మీరెక్కడైనా చూశారా? జ్ఞాపకం గురించి గ్రూప్ షో పెట్టి, అందులో ఏ రెండు పనులకీ పడకపోవడమన్నదే లేకపోతే, దాన్ని జ్ఞాపకాల ప్రదర్శన అని నేను ఒప్పుకోలేను. సంస్మరణ సభ అంటే సరిపోతుంది.

ఒక కళాకారుడి సోలో షో గురించి నేనీ మాట అనను. ఒక మనిషి తన మాట తాను చెప్పుకుంటాడు, అంతే. గ్రూప్ షో అనే రూపానికి ఉన్న ఒకే ఒక్క బలం పక్కవాడు. నీ బొమ్మ పక్కన నీకు తెలియనివాడి బొమ్మ ఉంటుంది. ఆ అవకాశాన్ని వదులుకున్నాక మిగిలేది అద్దె పంచుకోవడమే.

పక్కన ఏముంది?

పక్కన పెట్టడం అనే పనికి ఎంత శక్తి ఉందో అమెరికన్ కళాకారుడు ఫ్రెడ్ విల్సన్ 1992లో చూపించాడు. అమెరికాలోని బాల్టిమోర్‌లో, అప్పట్లో మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీ అని పిలిచే సంస్థ వాళ్ల మ్యూజియం ఉంది. విల్సన్ అక్కడ కొత్తగా ఏమీ గీయలేదు, చెక్కలేదు. వాళ్ల స్టోర్ గదుల్లో ఉన్నవే తీసి, అమరిక మార్చాడు. ప్రదర్శన పేరు ‘మైనింగ్ ద మ్యూజియం’. అందులో ఒక గాజు పెట్టె. లోపల సంపన్న కుటుంబాల వెండి పాత్రలు, నగిషీ చెక్కిన కూజాలు, గ్లాసులు. వాటి మధ్యలో బానిసల కాళ్లకు వేసే ఇనుప సంకెళ్లు. లేబుల్ మీద రాసింది ‘మెటల్‌వర్క్ 1793–1880’ అని మాత్రమే. అంటే లోహపు పనితనం, అంతే. ఒక్క విశేషణం లేదు, ‘సిగ్గుపడండి’ అన్న సూచన లేదు. రెండూ ఆ మ్యూజియం దగ్గర ఎప్పటినుంచో ఉన్నవే, వేరు వేరు చోట్ల. వాటిని ఒకే పెట్టెలో పెట్టినవాడు అంతవరకూ లేడు, అదీ తేడా.

అదే ప్రదర్శనలో ఇంకో అమరిక నాకు దీనికంటే ఇష్టం. తెల్లటి పీఠాల మీద మూడు పాలరాతి ముఖాలు: నెపోలియన్, అమెరికా రాజకీయ నాయకులు హెన్రీ క్లే, ఆండ్రూ జాక్సన్. వాటికి ఎదురుగా మూడు నల్లటి పీఠాలు. వాటి మీద పేర్లు ఉన్నాయి కానీ ముఖాలు లేవు: హ్యారియట్ టబ్మన్, ఫ్రెడరిక్ డగ్లస్, బెంజమిన్ బ్యానెకర్. ముగ్గురూ పేరున్న నల్లజాతి వాళ్లు. తమాషా ఏమిటంటే, ముఖాలున్న ముగ్గురిలో ఒక్కరూ మేరీలాండ్ వాళ్లు కాదు. ముఖాలు లేని ముగ్గురూ అక్కడే పుట్టినవాళ్లు. మ్యూజియం మాత్రం ఆ ముగ్గురి శిల్పాలు అప్పటివరకూ సేకరించలేదు.

నేను చూసిన షోలో ఈ పని చెయ్యడానికి సరుకు లేక కాదు. ఉత్తరాల ఇన్‌స్టలేషన్‌ని ముఖం లేని పెద్దావిడ వీడియో గదిలో పెట్టి ఉంటే? ఆ ఉత్తరాలన్నీ మగవాళ్లు మగవాళ్లకు రాసుకున్నవి. వీడియోలో ఆవిడ తనకు చదవడం రాదని చెబుతోంది. ఈ రెండు పనుల మధ్యా నాలుగు గదుల దూరం ఉంది. ఎవరో కావాలని విడదీశారనుకోను. వీడియోకి చీకటి కావాలి, ఉత్తరాలకి వెలుతురు కావాలి, చోటు చూసి సర్దేసి ఉంటారు. నా ఫిర్యాదు కూడా ఆ సర్దడం మీదే.

1937లో రెండు ప్రదర్శనలు

ఏకాభిప్రాయం అంటే నాకు ఇంత గుబులెందుకో చెప్పాలి. అస్తిత్వం మీద పెట్టిన గ్రూప్ షోలన్నిటిలోకీ బహుశా అన్నిటికంటే పకడ్బందీగా పెట్టింది నాజీలు. 1937 జులై 18న మ్యూనిక్‌లో ‘మహా జర్మన్ కళా ప్రదర్శన’ మొదలైంది. జర్మన్ మట్టి, జర్మన్ రైతు, జర్మన్ శరీరం, జర్మన్ గతం. కళాకారులు వందల మంది, మాట ఒకటే. మర్నాడు, 19న, దానికి కూతవేటు దూరంలో రెండోది తెరిచారు: ‘దిగజారిన కళ’. మ్యూజియాల నుంచి లాక్కొచ్చిన దాదాపు 650 పనుల్ని ఇరుకు గదుల్లో, కొన్నిటిని వంకరగా వేలాడదీసి, గోడల మీద వెటకారం మాటలు రాసి పెట్టారు. చూసేవాడు ఏమనుకోవాలో గోడే చెప్పేస్తుంది. 20 లక్షల మందికి పైగా వచ్చి చూశారు.

ఆ వెక్కిరింపు ప్రదర్శనలో జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే పనులు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆ నోల్డే స్వయానా నాజీ పార్టీ మనిషి. తన కళే అసలైన జర్మన్ కళ అని నమ్మినవాడు. కానీ అస్తిత్వానికి ఒకే నిర్వచనం ఖాయమయ్యాక దాన్ని నమ్మినవాడికి కూడా అందులో చోటు గ్యారంటీ లేదు.

ఇవాళ్టి గ్రూప్ షోలను దానితో పోలుస్తున్నానని ఎవరైనా కోపం తెచ్చుకోవచ్చు. ఉద్దేశాలు పూర్తిగా వేరు, అందులో సందేహం లేదు. ఇప్పుడు గోడ మీద ఉంటున్నది చాలాసార్లు అణగదొక్కబడినవాళ్ల మాట. నేను చూస్తున్నది ఉద్దేశం కాదు, పద్ధతి. ముందుగా గోడ మీద పేరాలు పేరాలు రాసి, చూసేవాడు ఏ భావంతో బయటికి రావాలో నిర్ణయించేసి, ఆ భావానికి సరిపోయే పనులు ఏర్చి పెట్టే పద్ధతి. మంచి మాటకైనా నాకిది నచ్చదు.

ముందు నోటు, తర్వాత బొమ్మ

ఇది క్యూరేటర్ల, అంటే పనులు ఏర్చి ప్రదర్శన కూర్చేవాళ్ల, సోమరితనం అనుకుంటే పొరపాటే. వ్యవహారం నడిచే వరసే అలాంటిది. ముందు ప్రదర్శన దేని గురించో చెప్పే కాన్సెప్ట్ నోట్ రాస్తారు. డబ్బిచ్చే సంస్థకి అది కావాలి. దాన్నిబట్టి ఓపెన్ కాల్ ఇస్తారు, అంటే పనులు పంపమని కళాకారులందరికీ పిలుపు. ఆ కాల్‌లో ఉన్న మాటల్నే తిప్పి రాసి కళాకారులు స్టేట్‌మెంట్లు పంపుతారు. ఏరేవాళ్లకి ఏ స్టేట్‌మెంట్ థీమ్‌కి దగ్గరగా ఉంటే అది కనిపిస్తుంది. ఇన్ని జల్లెడలు దాటాక భిన్నాభిప్రాయం ఎక్కణ్నుంచి మిగులుతుంది? బొమ్మ గోడెక్కేసరికి నోట్‌కి వేసిన ఇలస్ట్రేషన్‌లా తయారవుతుంది.

నాకు తెలిసిన ఒక చిత్రకారుడు చాలాకాలంగా నీడల మీద పనిచేస్తున్నాడు. మెట్ల మీద పడే నీడ, కిటికీ చువ్వల నీడ, అంతే. ఇలాంటి ఒక షోకి పంపితే నిర్వాహకుల నుంచి మెయిల్ వచ్చింది: పనులు చాలా బాగున్నాయి, ‘మీ మూలాలు కనిపించే’ పనేమైనా ఉందా అని. ఆయన నాతో అన్న మాట: ‘‘నా మూలాలేంటో వాళ్లకి నా పేరు చూడగానే తెలిసిపోయింది. ఇక బొమ్మ దాన్ని రుజువు చెయ్యాలి, అంతే కావాల్సింది.’’ అదే షోలో ఇంకో ఇద్దరు ముగ్గురు అచ్చంగా రంగుల మీద పనిచేసేవాళ్లున్నారు. వాళ్లను ఎవరూ మూలాలు అడగలేదు. ఆ ప్రశ్న అందరికీ పడదు. కొందరికే పడుతుంది.

ఏకాభిప్రాయానికీ దీనికీ సంబంధం ఇక్కడే ఉంది. ఒక మనిషిని ఒక సమూహానికి ప్రతినిధిగా పిలిచాక, ఆ మనిషి తన సమూహంతో గొడవపడే వీలు పోతుంది. ప్రతినిధి తనవాళ్ల తరఫున మాట్లాడాలి కదా. నిజానికి జ్ఞాపకంలో పదునైన గొడవలన్నీ ఇంటి లోపలే ఉంటాయి.

జేమ్స్ లూనా ఈ ఉచ్చును ఎంత బాగా పట్టుకున్నాడో చూడండి. కాలిఫోర్నియాకి చెందిన అమెరికన్ ఆదివాసీ కళాకారుడు. 1987లో శాన్ డియేగోలోని మ్యూజియం ఆఫ్ మ్యాన్‌లో, ఆ ప్రాంతపు ఆదివాసీల పాత వస్తువులు పెట్టిన గదిలోనే, ఒక గాజు పెట్టెలో ఇసుక పరిచి, గోచీ కట్టుకుని తానే పడుకున్నాడు. చుట్టూ మ్యూజియం పద్ధతిలోనే లేబుళ్లు. కాకపోతే ఆ లేబుళ్లు ఒంటి మీది మచ్చల గురించి: తాగి కొట్టుకున్నప్పుడు తగిలిన దెబ్బలు. పక్క పెట్టెల్లో ఆయన సొంత సామాను: తెగలో వాడే పవిత్ర వస్తువులు, వాటితో పాటు కాలేజీ పట్టాలు, రాక్ సంగీతం రికార్డులు, విడాకుల కాగితాలు. జనం చచ్చిపోయిన జాతిని చూడ్డానికి వచ్చి, ఊపిరి తీస్తున్న మనిషి దగ్గర గతుక్కుమన్నారు. ‘మీ మూలాలు చూపించండి’ అని అడిగేవాళ్లకి విడాకుల కాగితం చూపించడంకంటే మంచి జవాబు నాకు తట్టడం లేదు.

మన దేశంలో చిత్రకారుడు జంగఢ్ సింగ్ శ్యామ్ ఉండేవారు. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే ఊరి నుంచి వచ్చిన ప్రధాన్ గోండు. పాటలు కట్టి పాడటం ప్రధాన్ల వృత్తి. చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం ఆయన్ను గుర్తించి భోపాల్ తీసుకొచ్చింది. అక్కడి కళాకేంద్రం భారత్ భవన్‌ని 1982లో తెరిచినప్పుడు ఆయన పనులు అక్కడ ఉన్నాయి. ఇప్పుడు మనం ‘గోండు చిత్రకళ’ అని పిలుస్తున్న కాగితం, కాన్వాసు మీది శైలి చాలావరకు ఆ ఒక్క మనిషి చేతిలో తయారైంది. అయినా ఎక్కడ చూసినా ‘అనాదిగా వస్తున్న సంప్రదాయం’ అనే రాస్తారు. భోపాల్ విధాన్ భవన్‌కి ఆయన వేసిన కుడ్యచిత్రాల్లో విమానం కూడా ఉంది. ‘ఆదివాసీ జ్ఞాపకం’ కోసం వచ్చినవాళ్లు ఆ విమానాన్ని ఏం చేసుకుంటారో నాకు కుతూహలం. 2001లో, జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో ఉండి పనిచేస్తున్న రోజుల్లో, ఆయన ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరణం గురించి రకరకాల వివరణలున్నాయి, వాటిలోకి వెళ్లను. ఒక మనిషి కల్పనని ఒక తెగ ఆస్తిగా లెక్కేసేయడం వల్ల ఆ మనిషికి ఏం మిగులుతుందన్న ప్రశ్న మాత్రం నన్ను వదలదు.

గొడవ పెడితే చాలా?

ఇంతవరకూ చదివి, ‘సరే, ఎదురెదురుగా పెట్టేస్తే సరిపోతుందా’ అని మీరు అడగొచ్చు. సరిపోదు. 1989లో పారిస్‌లో జరిగిన ‘మాజిసియాఁ ద లా తేర్’ (భూమి మాంత్రికులు) ప్రదర్శన చేసిన ప్రయత్నం సరిగ్గా ఇదే. క్యూరేటర్ జాన్ ఉబేర్ మార్తాఁ వందమందికి పైగా కళాకారుల్ని పిలిచాడు, సుమారు సగం పాశ్చాత్య దేశాల వాళ్లు, సగం మిగతా ప్రపంచం. మన జంగఢ్ పనులూ అందులో ఉన్నాయి. అందరూ సమానమే అన్నది ఆలోచన. కానీ ఆ షో నుంచి అందరూ గుర్తు పెట్టుకున్న దృశ్యం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని యుయెండుము నుంచి వచ్చిన ఆదివాసీ కళాకారులు నేల మీద వేసిన చిత్రం. దాని వెనక, ఎత్తైన గోడ మీద, ఇంగ్లిష్ కళాకారుడు రిచర్డ్ లాంగ్ మట్టితో వేసిన పెద్ద వలయం. ఫొటోలో చూడండి, కింద వాళ్లు, పైన ఆయన. అది చర్చా, పెత్తనమా? ఇప్పటికీ తేలలేదు. నేల మీద వెయ్యడం వాళ్ల పద్ధతే, ఎవరూ వాళ్లను కింద కూర్చోబెట్టలేదు అని ఒక వాదన. సూర్యుడిలా పైన ఒకడుంటే పద్ధతుల మాట ఎవడు వింటాడని ఇంకో వాదన. నేను రెండోవైపు మొగ్గుతాను. అయినా ఆ ఫొటో గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా మాట్లాడుకుంటున్నాం. నేను చూసిన షో గురించి వచ్చే ఏడాది ఎవరూ మాట్లాడుకోరు.

దీనికంటే గట్టి అభ్యంతరం 2022 నాటి డాక్యుమెంటా, అయిదేళ్లకోసారి జరిగే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శన. ఇండోనేషియాకి చెందిన తారింగ్ పాడి బృందం తమ పెద్ద బ్యానర్‌ని జర్మనీలోని కాసెల్ నడిబొడ్డున కట్టింది. 2002లో వేసిన బొమ్మ అది. సుహార్తో నియంతృత్వాన్ని, దానికి దన్నుగా నిలిచిన విదేశీ శక్తుల్ని ఎండగట్టే బొమ్మ. వందల ఆకారాలు కిక్కిరిసి ఉంటాయి. వాటిలో యూదుల్ని అసహ్యంగా చిత్రించినవి ఉన్నాయని జనం గుర్తించారు. ఒక ఆకారానికి పంది మొహం, ఇంకోదాని టోపీ మీద నాజీ దళాల అక్షరాలు. మొదట నల్లగుడ్డ కప్పారు, మర్నాటికి దించేశారు. బృందం క్షమాపణ చెప్పింది. డాక్యుమెంటా డైరెక్టర్ జనరల్ తర్వాతి నెలలో తప్పుకుంది.

ఇక్కడ ఒకరి జ్ఞాపకం ఇంకొకరి గాయం మీద కాలేసింది. గొడవ ఉండాలి, గొడవ ఉండాలి అని రాస్తున్న నాకు ఇది ఇబ్బందికరమైన ఉదాహరణ. ఆ బొమ్మను దించడం సబబే అనుకుంటున్నాను. ఒక జాతిని పందిగా గీయడం భిన్నాభిప్రాయం కిందికి రాదు. కానీ దించేశాక ఏం జరిగింది? ఆ రెండు ఆకారాలతో పాటు సుహార్తో కాలంలో చనిపోయినవాళ్ల మాటా గుడ్డ కిందికి పోయింది. నల్లగుడ్డ ఎందుకు కప్పారో, దాని వెనక ఏ రెండు చరిత్రలు ఢీకొన్నాయో ఆ చోటే నిలబడి మాట్లాడుకునే ఏర్పాటు ముందే ఉండి ఉంటే బావుండేదేమో. గొడవకి తయారుగా లేని ప్రదర్శన గొడవ వచ్చినప్పుడు గుడ్డ కోసం వెతుకుతుంది.

ఆ కుర్చీ ఎక్కడిది?

నేను చూసిన షోలోనే జరిగిన ఒక సంగతి చెబుతాను. కొద్దోగొప్పో ఈ వ్యాసం రాయించింది అదే.

ఒకమ్మాయి, కూల్చేసిన తమ పాత ఇంటిని గుర్తున్నంత మేరకు అట్టతో చిన్న నమూనాగా కట్టి, దాని గదుల్ని ఫొటోలు తీసి, నిలువెత్తు ప్రింట్లు వేసింది. పని చాలా నేర్పుగా ఉంది. దగ్గరికి వెళ్తే తప్ప అట్ట అని తెలియదు. కిటికీ రెక్కకి ఒక పక్క గోరంత రంగు ఊడినట్టు కూడా చేసింది. ముందు గది ఫొటోలో కిటికీ కింద ఒక కుర్చీ, దాని మీద బోర్లించిన పుస్తకం. లేబుల్ మీద ‘మా అమ్మమ్మ చదువుకునే చోటు’ అని ఉంది.

నేనక్కడ ఉండగానే ఆ అమ్మాయి పిన్ని వచ్చింది. అన్నీ మెచ్చుకుంటూ వచ్చి ఈ ఫొటో దగ్గర ఆగింది.

‘‘ఏమే, ఆ కుర్చీ అక్కడెక్కడిదే?’’

‘‘అమ్మమ్మది పిన్నీ. అమ్మ చెప్పింది.’’

‘‘మా అమ్మ ముందు గదిలోకి ఎప్పుడొచ్చిందే? నాన్న ఉన్నంతసేపూ మేమంతా గుమ్మం అవతలే. కుర్చీలో కూర్చోవడం కూడానా! వంటింటి వెనక నిలబడి చదివేది, ఎవరైనా వస్తే బియ్యం డబ్బా వెనక పెట్టేసేది.’’

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సెక్యూరిటీ అతను మాత్రం ‘మేడమ్, ఫొటో మీద చెయ్యి పెట్టకండి’ అన్నాడు. ఆవిడ వేలు కుర్చీ మీదే ఉంది.

ఆ షో మొత్తంలో నాకు నిజంగా జ్ఞాపకం అనిపించింది ఆ రెండు నిమిషాలే. ఒక కూతురు తల్లికి కుర్చీ వేసింది, ఇంకో కూతురు తీసేసింది. అక్క అబద్ధం చెప్పిందని కూడా అనలేం. తల్లి అలా కూర్చుని ఉంటే బాగుండునని ఏళ్ల తరబడి అనుకుని అనుకుని చివరికి చూసినట్టే అయిపోయి ఉండొచ్చు. ఆ కోరిక కూడా ఆ ఇంటి చరిత్రలో భాగమే. గోడ మీద మాత్రం ఒక్క కుర్చీయే ఉంది, ప్రశాంతంగా, కిటికీ వెలుగులో.

తర్వాత ఆ అమ్మాయితో మాట్లాడాను. పిన్ని మాటల్ని రెండో లేబుల్‌గా కింద పెట్టవచ్చు కదా అన్నాను. క్యూరేటర్‌కి కూడా ఈ ఆలోచన నచ్చిందట. కానీ పిన్ని ఒప్పుకోలేదు. ‘నీతో అన్నాను గానీ గోడ మీద రాయమన్నానా, అక్క ఏమనుకుంటుంది’ అందట. పేరు లేకుండా రాసినా చుట్టాలందరికీ ఎవరన్నదో తెలిసిపోతుంది. నా వాదనకి ఇక్కడ నిజంగా అడ్డం పడుతోంది. గ్యాలరీకి వచ్చి విసుక్కునే నాలాంటివాడికి గొడవ కావాలి. కానీ దాని ఖర్చు నా జేబులోంచి పోదు. అక్కచెల్లెళ్ల మధ్య పోతుంది. ఏకాభిప్రాయం వెనక ఉండేది ప్రతిసారీ నిధులూ కాన్సెప్ట్ నోటూ కావు. కొన్నిసార్లు కలిసి బతకాల్సిన అవసరం ఉంటుంది.

అలాగని కుర్చీని అలాగే వదిలెయ్యాలా? ఆ ప్రదర్శన ఇంకో గ్యాలరీకి వెళ్లబోతోందట. లేబుల్ వద్దు, ఎవరి పేరూ వద్దు, అదే గదిని కుర్చీ లేకుండా ఇంకో ఫొటో తీసి పక్కన పెట్టు, వంటింటి ఫొటోలో డబ్బా వెనక పుస్తకం పెట్టు అన్నాను. నమూనా ఇంకా ఉందట. కుర్చీని మాత్రం గట్టిగా అతికించేశానని, తీస్తే నేల చిరుగుతుందని అంది. చిరిగితే చిరగనీ అన్నాను. ఆలోచిస్తానంది.